కెమెరా మార్చే ముందు ఆటోఫోకస్‌ను తూచడం ఎలా? తరచుగా అడిగే ప్రశ్నలు

కొత్త కెమెరా కొనాలనుకునేవారికి ఆటోఫోకస్ గురించి వచ్చే సందేహాలు ఏళ్లు గడిచినా పెద్దగా మారడం లేదు. మారుతున్నవి మోడళ్ల పేర్లే. పదేపదే ఎదురైన ప్రశ్నలను అడిగినవారి మాటల్లోనే ఉంచి ఇక్కడ చేర్చాను. ఏ ప్రశ్నకు ఆ ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. ప్రస్తావించిన మోడళ్లు ఏ మార్పు ఎప్పుడు వచ్చిందో చూపడానికే గాని, ఫలానాది కొనమని చెప్పడానికి కాదు.

## మార్చాలన్న ఆలోచన మొదలైనప్పుడు

నా ఫోటోలు మసకగా వస్తున్నాయి. తప్పు ఆటోఫోకస్‌దా, నాదా?

ఫోటోను కంప్యూటర్‌లో నూరు శాతం పరిమాణంలో తెరిచి, అందులో ఏదైనా ఒక్క వస్తువు స్పష్టంగా ఉందేమో ముందుగా వెతకండి. ముఖం మసకగా ఉండి వెనుక ఉన్న గడ్డి పరక పరకా కనిపిస్తుంటే ఫోకస్ వెనక్కి పోయిందని అర్థం. ఏదీ స్పష్టంగా లేకుండా, చిన్న వెలుగు చుక్కలన్నీ ఒకే దిశలో సాగినట్టు కనిపిస్తే చెయ్యి కదిలింది. కదలని వస్తువులు బాగుండి కదిలేవి మాత్రమే చెదిరితే షట్టర్ స్పీడ్ చాలలేదు.

ఈ తేడా తెలియక నేను దాదాపు ఏడాదిపాటు కెమెరాను తిట్టుకున్నాను. ఇండోర్ కోర్టులో తీసిన బ్యాడ్మింటన్ ఫోటోలు ఒక్కటీ నచ్చేవి కావు. ఒకరోజు ఒక ఫ్రేమును పెద్దది చేసి చూస్తే ఆటగాడి బూటు లేసు ముడి సహా స్పష్టంగా ఉంది, రాకెట్ పట్టిన చెయ్యి మాత్రం పొగలా సాగిపోయింది. షట్టర్ స్పీడ్ చూస్తే సెకనులో 125వ వంతు. ఫోకస్ ఎక్కడ పడాలో అక్కడే పడింది. షట్టర్ వేగం పెంచాలంటే ఐఎస్‌ఓ (వెలుతురుకు సెన్సర్ స్పందించే స్థాయి) పెంచాలి, దానికి నేనే జంకాను. అలాంటి ఫోటోలకు ఎంత ఖరీదైన ఆటోఫోకస్ తెచ్చినా ఫలితం అదే.

ఆటోఫోకస్ కోసమే కెమెరా మార్చడం ఎవరికి నిజంగా ఉపయోగం?

ఎగిరే పక్షులు, ఆటలు, పరుగెత్తే పిల్లలు, కుక్కలు, నడుస్తూ వచ్చే మనుషులు, ఒంటరిగా తనను తానే వీడియో తీసుకోవడం వంటి పనులు చేసేవారికి తేడా మొదటి రోజే తెలుస్తుంది. ప్రకృతి దృశ్యాలు, భవనాలు, స్టూడియోలో బల్ల మీది వస్తువులు ట్రైపాడ్ మీద తీసేవారికి ఆ డబ్బు లెన్స్ మీద పెట్టడమే మేలు.

మధ్యలో ఉన్నది పోర్ట్రెయిట్. కూర్చున్న మనిషికి ఫోకస్ చేయడం సులువే కదా అనిపిస్తుంది. ఫుల్‌ఫ్రేమ్ (35 మి.మీ. ఫిల్మ్ అంత సెన్సర్ ఉన్న) కెమెరాలో 85 మి.మీ. లెన్స్ ఎపర్చర్‌ను, అంటే వెలుతురు వచ్చే రంధ్రాన్ని, ఎఫ్/1.8 వద్ద పెట్టి (ఈ అంకె ఎంత చిన్నదైతే రంధ్రం అంత పెద్దది) 2 మీటర్ల దూరం నుంచి తీస్తే, స్పష్టంగా వచ్చే మందం ముందూ వెనకా కలిపి సుమారు 6 సెంటీమీటర్లే. మధ్య పాయింటుతో కంటికి ఫోకస్ చేసి, కెమెరాను పక్కకు తిప్పి, ఊపిరి తీసుకుని బటన్ నొక్కేలోగా మీరో, ఎదుటి మనిషో 3 సెంటీమీటర్లు ఊగితే కనురెప్ప పోయి చెవి మిగులుతుంది. అందువల్ల పెద్ద ఎపర్చర్‌తో మనుషులను తీసేవారికి కంటిని గుర్తించే ఫోకస్ విలాసం కాదు.

నా పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లో ఫోకస్ ఎప్పుడూ కాస్త వెనక్కే పడుతోంది. కొత్తది కొనక తప్పదా?

తప్పకపోవచ్చు. డీఎస్‌ఎల్‌ఆర్‌లో ప్రధాన అద్దం వెనుక ఉన్న చిన్న అద్దం కొంత వెలుతురును కెమెరా అడుగున ఉన్న ఫోకస్ సెన్సర్‌కు పంపుతుంది. ఆ దారి పొడవు, ఫోటో నమోదయ్యే సెన్సర్ వరకు ఉన్న దారి పొడవు రవ్వంత తేడా లేకుండా సమానంగా ఉండాలి. తేడా వస్తే ఫోకస్ ప్రతిసారీ ఒకే వైపు తప్పుతుంది. ఒకే వైపు తప్పడమే ఈ లోపానికి గుర్తు; ఒకసారి ముందు, ఒకసారి వెనక పడుతుంటే కారణం వేరు.

కెమెరాను ట్రైపాడ్ మీద పెట్టి, కదలని వస్తువును వ్యూఫైండర్‌తో ఒకసారి, లైవ్ వ్యూతో (వెనుక తెర మీద చూస్తూ) ఒకసారి తీసి పోల్చండి. లైవ్ వ్యూ ఫోటో బాగుండి వ్యూఫైండర్ ఫోటో తప్పితే సర్దుబాటు చాలు. మధ్యస్థాయి, పైస్థాయి బాడీలలో (లెన్స్ కాకుండా మిగిలిన కెమెరా) చాలావాటికి ఇందుకోసం మెనూలోనే మైక్రో అడ్జస్ట్‌మెంట్ ఉంటుంది. చవక మోడళ్లలో లేకపోతే సర్వీస్ కేంద్రంలో చేయిస్తారు. జూమ్ లెన్స్ ఒక చివర సరిగ్గా ఉండి మరో చివర తప్పుతుంటే మాత్రం ఒక్క అంకెతో సరిదిద్దడం కుదరదు. అద్దమే లేని మిర్రర్‌లెస్ కెమెరా ఫోటో తీసే సెన్సర్ మీదే ఫోకస్ కొలుస్తుంది కాబట్టి అక్కడ ఈ జబ్బుకు చోటు లేదు.

సెట్టింగులు మారిస్తేనే సరిపోతుందేమో ఎలా తెలుసుకోవాలి?

ఒక వారం కేటాయించండి. కదిలే వస్తువులకు సింగిల్ (ఒకసారి ఫోకస్ చేసి ఆగేది) కాకుండా కంటిన్యువస్ (ఫోకస్‌ను మారుస్తూనే ఉండేది) ఆటోఫోకస్ పెట్టండి. కానన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లో దీన్నే ఏఐ సర్వో అంటారు. పాయింటును కెమెరాకు వదిలేయకుండా చిన్న గుంపును మీరే ఎంచుకోండి. ఫోకస్ కుదిరినా కుదరకపోయినా బటన్ నొక్కగానే ఫోటో తీయాలా, కుదిరాకే తీయాలా అని నిర్ణయించే ప్రయారిటీ సెట్టింగును తప్పక చూడండి. కంటిన్యువస్ మోడ్‌లో చాలా కెమెరాలు షట్టర్‌కే మొగ్గు చూపేలా అమర్చి వస్తాయి. లెన్స్ మెటల్ కాంటాక్టులను పొడి మెత్తని గుడ్డతో తుడిచి, దూరపు వస్తువులు తీసేటప్పుడు ఫోకస్ వెతికే దూరాన్ని పరిమితం చేసే లిమిటర్ స్విచ్ లెన్స్ మీద ఉంటే దాన్ని తగిన చోట పెట్టండి. వారం తర్వాత కూడా తప్పులు అలాగే ఉంటే, అప్పుడు కొనుగోలు గురించి ఆలోచించడానికి గట్టి ఆధారం ఉన్నట్టే.

## స్పెసిఫికేషన్లు చదివేటప్పుడు

ఫేజ్ డిటెక్షన్, కాంట్రాస్ట్ డిటెక్షన్ అంటే ఏమిటి? ఏది ఉన్న కెమెరా తీసుకోవాలి?

కదిలే వస్తువులు తీసేవారు సెన్సర్ మీదే ఫేజ్ డిటెక్షన్ ఉన్న కెమెరా తీసుకోవాలి. లెన్స్ కుడి అంచు నుంచి వచ్చే కిరణాలను, ఎడమ అంచు నుంచి వచ్చే కిరణాలను విడివిడిగా చూసి, ఆ రెండు బొమ్మలు ఒకదానికొకటి ఎంత జరిగి ఉన్నాయో ఫేజ్ డిటెక్షన్ కొలుస్తుంది. ఆ కొలతతో లెన్స్ ఏ దిశగా, సుమారు ఎంత కదలాలో ఒక్క చూపులో తెలుస్తుంది. కాంట్రాస్ట్ పద్ధతికి దిశ తెలియదు. అది లెన్స్‌ను కదుపుతూ స్పష్టత పెరుగుతోందా తగ్గుతోందా అని చూస్తుంది, శిఖరం దాటిపోయాక గాని దాటానని గ్రహించి వెనక్కి రాదు. కదలని వస్తువు మీద ఈ పద్ధతి చాలా ఖచ్చితమైనదే. వస్తువు కదిలిందంటే శిఖరమే జరిగిపోతూ ఉంటుంది.

1985లో మినోల్టా 7000తో ఎస్‌ఎల్‌ఆర్‌లలో స్థిరపడిన ఫేజ్ డిటెక్షన్‌కు పాతికేళ్లపాటు అద్దం, విడి సెన్సర్ అవసరమయ్యాయి. 2010లో ఫుజీఫిల్మ్ ఎఫ్300ఈఎక్స్‌ఆర్ అనే చిన్న కెమెరా ఈ కొలతను ఫోటో సెన్సర్ మీదికే తెచ్చింది. 2013లో కానన్ 70డీ ప్రతి పిక్సెల్‌నూ రెండు ఫోటోడయోడ్లుగా చీల్చింది. పానసోనిక్ మాత్రం లూమిక్స్ కెమెరాలలో చాలాకాలం కాంట్రాస్ట్ ఆధారిత పద్ధతినే మెరుగుపరుస్తూ వచ్చి, 2023లో ఎస్5 2తో ఫేజ్ డిటెక్షన్‌కు మారింది. సెకండ్‌హ్యాండ్‌లో పాత లూమిక్స్ చూసేవారికి ఈ సంవత్సరం గుర్తుండాలి.

693 ఫోకస్ పాయింట్లున్న కెమెరా 153 ఉన్నదానికంటే నాలుగు రెట్లు మెరుగా?

కాదు. సోనీ ఏ9, ఏ7 3 రెండింటికీ ఫేజ్ డిటెక్షన్ పాయింట్లు 693 చొప్పునే ఉన్నాయి. అయినా పరుగెత్తే వస్తువు మీద ఏ9 ముందంజలో ఉంటుంది, ఎందుకంటే దాని స్టాక్డ్ (పొరలుగా పేర్చిన) సెన్సర్ చాలా వేగంగా సమాచారం చదివి, సెకనుకు 60 సార్ల వరకు ఫోకస్ లెక్క కడుతుంది. పాయింట్లు ఫ్రేములో ఎంత మేర పరుచుకుని ఉన్నాయన్నది సంఖ్యకంటే పనికొచ్చే సమాచారం. ఫుల్‌ఫ్రేమ్ డీఎస్‌ఎల్‌ఆర్‌లలో అవి నడిమిలోనే గుమిగూడి ఉండేవి. ఇప్పటి మిర్రర్‌లెస్ బాడీలలో దాదాపు అంచుల దాకా ఉంటాయి. అంకెలకు ఉన్న మరో మెలిక ఏమిటంటే, నికాన్ డీ5లో 153 పాయింట్లున్నా మనం ఎంచుకోగలిగినవి 55 మాత్రమే.

మైనస్ 6 ఈవీ వరకు ఫోకస్ చేస్తుందంటున్నారు. అంత చీకట్లో ఫోటో తీయగలనా?

ఈవీ అంటే వెలుతురు కొలత; ఒక అంకె తగ్గితే వెలుతురు సగమవుతుంది. ఫోకస్ కుదరవచ్చు గాని, చేత్తో పట్టుకుని తీసే ఫోటో రాదు. మైనస్ 6 ఈవీ వెలుతురులో ఎఫ్/1.2 ఎపర్చర్, ఐఎస్‌ఓ 6400 పెట్టినా ఎక్స్‌పోజర్‌కు సుమారు ఒకటిన్నర సెకను కావాలి. రాత్రి దీపాలు వెలుగుతున్న గది దాదాపు 5 ఈవీ దగ్గర ఉంటుంది. అంటే మనలో చాలామంది పనిచేసే వెలుతురు ఈ ప్రకటన అంకెకు ఎంతో పైనే ఉంటుంది.

అంకె పక్కన చిన్న అక్షరాల్లో ఏ లెన్స్‌తో కొలిచారో చూడండి. కానన్ ఆర్6కు చెప్పిన మైనస్ 6.5 ఈవీ ఎఫ్/1.2 లెన్స్‌తో కొలిచినది. ఎఫ్/4 జూమ్ పెడితే లోపలికి వచ్చే వెలుతురు సుమారు మూడున్నర స్టాపులు (ఒక స్టాపు తగ్గడమంటే వెలుతురు సగమవడం) తగ్గుతుంది. ఒక కంపెనీ ఎఫ్/1.2తో, మరో కంపెనీ ఎఫ్/2తో కొలిచి ప్రకటించినప్పుడు రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి పోల్చడం తప్పు. ఆ లెన్సుల మధ్యే దాదాపు ఒకటిన్నర స్టాపుల తేడా ఉంది. పైగా ఇది కదలని, కాస్త కాంట్రాస్ట్ ఉన్న గుర్తు మీద కొలిచే పరిమితి. మసక వెలుతురులో కదిలే మనిషిని ఎంత బాగా వెంబడిస్తుందో ఈ అంకె చెప్పదు.

సెకనుకు 20, 30 ఫ్రేములు అంటున్నారు. ఫోకస్ కూడా అంత వేగంగా మారుతుందా?

మారే కెమెరాలూ ఉన్నాయి, మొదటి ఫ్రేము వద్దే ఫోకస్‌ను బిగించేసే మోడ్‌లూ ఉన్నాయి. స్పెసిఫికేషన్‌లో ‘ఫోకస్ ట్రాకింగ్‌తో’ అన్న మాట ఉందో లేదో చూడాలి.

ఎందుకో ఒక సైకిల్‌తో చూద్దాం. గంటకు 18 కిలోమీటర్ల వేగంతో మీ వైపు వస్తున్న సైకిల్ సెకనుకు 5 మీటర్లు కదులుతుంది. సెకనుకు 10 ఫ్రేములు తీస్తే రెండు ఫ్రేముల మధ్య అది అర మీటరు దగ్గరకు వస్తుంది. 400 మి.మీ. లెన్స్, ఎఫ్/5.6 వద్ద, 10 మీటర్ల దూరంలో స్పష్టత మందం సుమారు 21 సెంటీమీటర్లు. అంటే ఒక ఫ్రేములో సరిగ్గా ఉన్న ఫోకస్ తర్వాతి ఫ్రేముకు పనికిరాదు. ప్రతి ఫ్రేముకూ లెన్స్ కదలాలి, అదీ సైకిల్ ఇప్పుడున్న చోటికి కాకుండా షట్టర్ తెరుచుకునే క్షణంలో ఉండబోయే చోటికి. ఆ ముందస్తు అంచనా నాణ్యతే అసలు పనితనం. తప్పిన 30 ఫ్రేములకంటే కుదిరిన 8 ఫ్రేములు మేలని, ఒక సాయంత్రమంతా కూర్చుని ఫోటోలు ఏరినవారికి వేరే చెప్పక్కర్లేదు.

కళ్లను, పక్షులను గుర్తించే ఏఐ ఫోకస్ పనిచేస్తుందా, ప్రచారమా?

పనిచేస్తుంది. ఇటీవలి కెమెరాలలో వచ్చిన అసలైన ముందడుగు ఇదేనని నా అభిప్రాయం. అయితే ఇందులో మూడు పనులు కలిసి ఉన్నాయి: ఇది పక్షి అని గుర్తించడం, ఫ్రేములో అది ఎటు జరిగినా వదలకపోవడం, దానికి తగ్గట్టు లెన్స్‌ను నడపడం. కంటి మీద చిన్న చతురస్రం కనిపించిందంటే మొదటి పని మాత్రమే జరిగినట్టు. చతురస్రం కంటి మీదే ఉండి, ఫోటోలో స్పష్టత ముక్కు మీద పడిన సందర్భాలు ఎవరి హార్డ్‌డిస్క్‌లో వెతికినా దొరుకుతాయి.

2019లో ఒలింపస్ ఈ-ఎం1ఎక్స్ కార్లు, రైళ్లు, విమానాలను గుర్తించడం మొదలుపెట్టింది. 2020లో కానన్ ఆర్5, ఆర్6లు కుక్కలు, పిల్లులతోపాటు పక్షులనూ చేర్చుకున్నాయి. 2022లో సోనీ ఏ7ఆర్ 5 ఈ పనికి ప్రత్యేక ప్రాసెసర్‌నే పెట్టుకుంది. మీరు తీసే జీవి ఆ జాబితాలో ఉందో లేదో చూడండి. పాములను, సీతాకోకచిలుకలను తీసేవారు ‘జంతువులు’ అన్న ఒక్క మాట నమ్మి కొనకూడదు. హెల్మెట్లు, మాస్కులు, దట్టమైన కొమ్మలు, ఒకే రకం దుస్తుల్లో ఉన్న గుంపు ఎదురైతే ఏ వ్యవస్థైనా తడబడుతుంది.

కొత్త బాడీ ఎందుకు? పాతదానికే ఫర్మ్‌వేర్ వస్తుంది కదా?

ఫర్మ్‌వేర్ అంటే కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్. దానితో కొన్నిసార్లు పెద్ద మార్పే వస్తుంది. 2019లో నికాన్ జడ్6, జడ్7లకు కంటి ఫోకస్, సోనీ ఏ9కు కొత్త ట్రాకింగ్ పద్ధతి అలాగే వచ్చాయి. 2024లో నికాన్ జడ్8కు పక్షులను విడిగా గుర్తించే మోడ్ వచ్చింది. ఇవన్నీ ఉచితంగా అందినవే. అయితే సెన్సర్ చదివే వేగం, ప్రాసెసర్ బలం ఫర్మ్‌వేర్‌తో పెరగవు. రాబోయే ఫర్మ్‌వేర్ మీద ఆశతో ఈరోజు డబ్బు కట్టవద్దు. మీ కెమెరాలో ఇప్పటికే విడుదలైన ఫర్మ్‌వేర్ వేసి ఉందా అన్నది మాత్రం ఈరోజే చూసుకోండి.

నేను వీడియో కూడా తీస్తాను. అప్పుడు వేగమే ముఖ్యమా?

వీడియోలో అతివేగం ఒక్కోసారి దోషం. ఒక ముఖం నుంచి మరో ముఖానికి ఫోకస్ ఉలిక్కిపడ్డట్టు దూకితే చూసేవారికి ఇబ్బంది. మారే వేగాన్ని, ఎంతసేపు ఆగి మారాలన్న సున్నితత్వాన్ని విడివిడిగా సర్దుకునే వీలుండాలి. కాంట్రాస్ట్ పద్ధతి మీదే ఆధారపడిన కెమెరాలలో మనిషి మాట్లాడుతుండగా వెనుక దృశ్యం ఊపిరి పీలుస్తున్నట్టు ఉబ్బి తగ్గడం కనిపిస్తుంది. ఫోకస్ మారినప్పుడు ఫ్రేము పరిధే మారే లెన్సులూ ఉన్నాయి. ఆ లోపం లెన్స్‌ది, కెమెరాది కాదు.

## లెన్సుల లెక్క చూసేటప్పుడు

ముందు బాడీ మార్చాలా, లెన్స్ మార్చాలా?

బాడీ లెక్క కడుతుంది. గాజును కదిపేది లెన్స్‌లోని మోటారు. పాత, నెమ్మది మోటారున్న లెన్స్‌ను కొత్త బాడీకి తగిలిస్తే ఆజ్ఞలు మాత్రమే వేగంగా వెళ్తాయి. మీ లెన్స్‌ను అత్యంత దగ్గరి దూరం నుంచి అనంతానికి ఫోకస్ చేయించి, ఎంతసేపు పడుతోందో చూడండి. మెల్లగా గుర్రుమంటూ తిరుగుతుంటే అడ్డంకి అక్కడే ఉంది. మోటారు చురుగ్గా ఉండి, సరైన వస్తువును పట్టుకోవడంలో గాని, పట్టుకున్నాక వదలకపోవడంలో గాని తప్పు జరుగుతుంటే అది బాడీ పని. ఎపర్చర్‌నూ మరచిపోవద్దు: ఎఫ్/5.6 జూమ్ స్థానంలో ఎఫ్/2.8 లెన్స్ వస్తే ఫోకస్ వ్యవస్థకు అందే వెలుతురు నాలుగు రెట్లవుతుంది.

నా పాత లెన్సులు అడాప్టర్‌తో అంతే బాగా ఫోకస్ అవుతాయా?

మౌంట్‌ను (లెన్స్ బిగించే అమరికను) బట్టి ఉంటుంది. 1987లో ఈఓఎస్ కెమెరాలు మొదలైనప్పుడే కానన్ మోటారును లెన్స్‌లో పెట్టింది కాబట్టి, ఆ ఈఎఫ్ లెన్సులు అదే కంపెనీ అడాప్టర్‌తో ఆర్ఎఫ్ (మిర్రర్‌లెస్) బాడీల మీద చక్కగా పనిచేస్తాయి. కొన్ని పాత బాడీలకంటే మెరుగ్గా కూడా. నికాన్‌లో జాగ్రత్త అవసరం. బాడీలోని మోటారు స్క్రూ తిప్పితే కదిలే ఏఎఫ్-డీ రకం లెన్సులకు నికాన్ మిర్రర్‌లెస్ బాడీకి పాత లెన్సులు కలిపే ఎఫ్‌టీజడ్ అడాప్టర్ మీద ఆటోఫోకస్ ఉండదు, ఎందుకంటే ఆ అడాప్టర్‌లో మోటారు లేదు. సొంత మోటారున్న ఏఎఫ్-ఎస్ లెన్సులకు ఉంటుంది. ఒక కంపెనీ లెన్స్‌ను ఇంకో కంపెనీ బాడీకి కలిపే అడాప్టర్లు నిలకడ వస్తువులకు సరిపోతాయి, ఆటలకు వాటిని నమ్ముకోకూడదు. కొన్ని బాడీలు ఇతర కంపెనీల లెన్సులతో బరస్ట్ (ఆగకుండా వరుసగా ఫోటోలు తీయడం) వేగాన్ని తగ్గించేస్తాయన్నది కూడా తెలుసుకుని ఉండాలి.

టెలీకన్వర్టర్ పెడితే ఆటోఫోకస్ ఆగిపోతుందా?

టెలీకన్వర్టర్ అంటే లెన్స్‌కూ బాడీకీ మధ్య పెట్టి దృశ్యాన్ని దగ్గరకు తెచ్చే భాగం. పాత డీఎస్‌ఎల్‌ఆర్‌లలో ఆగిపోయేది. 400 మి.మీ. ఎఫ్/5.6 లెన్స్‌కు 1.4 రెట్ల కన్వర్టర్ తగిలిస్తే అది 560 మి.మీ. ఎఫ్/8 అవుతుంది, చాలా డీఎస్‌ఎల్‌ఆర్‌ల ఫోకస్ సెన్సర్ ఎఫ్/5.6 దాటితే పనిచేయదు, మేలైనవాటిలో మధ్య పాయింటు మాత్రం ఎఫ్/8 వరకు పనిచేసేది. మిర్రర్‌లెస్‌లో ఈ గోడ చాలా దూరం జరిగింది. కానన్ ఆర్5 ఎఫ్/22 వరకు ఫోకస్ చేస్తుంది. పగటి వెలుతురులో దూరపు పక్షులు తీసేవారికి కెమెరా మార్చడానికి ఇది బలమైన కారణం.

## డబ్బు కట్టే ముందు

ఒక రివ్యూ అద్భుతమంటోంది, ఇంకొకటి చెత్త అంటోంది. ఎవరిని నమ్మాలి?

ఏ లెన్స్, ఏ ఫర్మ్‌వేర్, ఏ వస్తువు, ఏ ఏరియా మోడ్ (ఫ్రేములో ఫోకస్ వెతికే మేర) అన్న నాలుగూ చెప్పినవారిని నమ్మండి. ఇవి చెప్పకుండా ఇచ్చిన తీర్పు ఎంత గట్టిగా ఉన్నా మీకు పనికిరాదు. కెమెరా వెనుక తెర మీద ఆకుపచ్చ చతురస్రం పరుగులు తీయడాన్ని చూపే వీడియోలు కూడా పెద్ద ఆధారం కావు. తీసిన ఫ్రేములన్నింటినీ, తప్పినవాటితో సహా వరుసగా చూపినవారి మాటకు విలువ ఎక్కువ.

దుకాణంలో పది నిమిషాలే దొరుకుతాయి. ఏం చూడాలి?

మీ లెన్స్, మీ మెమరీ కార్డు తీసుకెళ్లండి. మీ వెంట వచ్చిన మనిషిని మామూలు నడకతో మీ వైపు నడిపించి బరస్ట్ తీయండి. తర్వాత మసకగా ఉన్న మూల ఏదైనా చూసి అక్కడ ప్రయత్నించండి. ఫోకస్ పాయింటు జాయ్‌స్టిక్ మీ బొటనవేలికి అందుతోందో లేదో, వ్యూఫైండర్‌లో దృశ్యం వెనకబడుతోందో లేదో చూడండి. ఫోటోల తీర్పు ఆ చిన్న తెర మీద ఇవ్వవద్దు. కార్డు ఇంటికి తెచ్చుకుని చూడండి.

ఒకటి రెండు రోజులు అద్దెకు తెచ్చుకుంటే, పాతదానితో న్యాయంగా ఎలా పోల్చాలి?

రెండు కెమెరాలకూ ఒకే లెన్స్ పెట్టగలిగితే అదే పెట్టండి. లేదంటే ఫోకల్ లెంగ్త్, ఎపర్చర్ సమానంగా ఉంచండి. షట్టర్ స్పీడ్‌ను సెకనులో వెయ్యో వంతుకు బిగించండి, అప్పుడు చెదిరిన ప్రతి ఫోటోకూ కారణం ఫోకసే అవుతుంది. మీరు రోజూ తీసే వస్తువునే తీయండి. ఒక మనిషి 20 మీటర్ల దూరం నుంచి మీ వైపు వేగంగా నడవాలి. ఒక్కో నడకకు 10 ఫ్రేముల చొప్పున 10 సార్లు తీయండి. ఒకేసారి 100 ఫ్రేముల బరస్ట్ తీయకండి. ఫోకస్ ఒకసారి వెనుక గోడకు అతుక్కుంటే ఆ బరస్ట్‌లోని ఫ్రేములన్నీ పోతాయి, అది వంద తప్పులు కాదు, ఒక్క తప్పే. విడివిడి నడకలైతే కెమెరా వస్తువును మొదట పట్టుకునే తీరు కూడా పదిసార్లు పరీక్షకు నిలుస్తుంది.

ఇంటికి వచ్చాక ఫోటోలను మూడు కుప్పలు చేయండి: కన్ను స్పష్టంగా ఉన్నవి, చిన్న ముద్రణకు పనికొచ్చేవి, పారేయాల్సినవి. ఏ కెమెరా ఫోటో ఏదో తెలియకుండా ఫైళ్ల పేర్లు మార్పించి ఇంట్లో మరొకరిచేత ఏరించగలిగితే ఇంకా మంచిది. కొత్త వస్తువు మీది మోజు మన కళ్లను ఎంత మెత్తబరుస్తుందో నేను ఒకసారి ఇలాగే తెలుసుకున్నాను: నేను ఏరినప్పుడు కొత్త కెమెరాకు 92 వచ్చాయి, పేర్లు దాచి మా చెల్లెలిచేత ఏరిస్తే 81 వచ్చాయి.

ఎంత తేడా వస్తే కొనడం సబబు?

వంద ఫ్రేములలో 80 కుదిరిన కెమెరాకూ 85 కుదిరిన కెమెరాకూ తేడా లేదనే అనుకోండి. మరోరోజు తీస్తే ఆ వరుస తిరగబడవచ్చు. 55 నుంచి 90కి పెరిగితే సందేహించనక్కర్లేదు. తప్పులు ఎక్కడ జరిగాయన్నదీ చూడాలి. పోజిచ్చి నిలబడిన మనిషిని మళ్లీ తీయవచ్చు. గోల్ పడిన క్షణం, పక్షి నీటిని తాకిన క్షణం మళ్లీ రావు. మీ ఫోటోలు రెండో రకానివైతే పది శాతం మెరుగుదలకు కూడా విలువ ఉంది, కాకపోతే దాన్ని నమ్మడానికి ఇంకా ఎక్కువ ఫ్రేములు తీసి చూడాలి.

24 మెగాపిక్సెళ్ల నుంచి 45కు వెళ్తే ఫోకస్ ఇంకా తప్పుతున్నట్టు కనిపిస్తోందేం?

నూరు శాతంలో చూస్తున్నారు గనుక. 24 మెగాపిక్సెళ్ల ఫోటో వెడల్పు 6,000 పిక్సెళ్లు. 45 మెగాపిక్సెళ్లలో అది సుమారు 8,250. అంటే అదే ముఖాన్ని దాదాపు 1.4 రెట్లు పెద్దది చేసి చూస్తున్నారు, ఇంతకుముందు కంటికి ఆనని చిన్న తప్పు ఇప్పుడు బయటపడుతోంది. రెండింటినీ ఒకే వెడల్పుకు తగ్గించి పోల్చండి.

## కొన్న తర్వాత

కొత్త కెమెరా కొన్నాక తప్పులు ఇంకా పెరిగాయి. మోసపోయానా?

మొదటి నెలలో ఇది మామూలే. పాత కెమెరాలో మధ్య పాయింటుతో పనిచేయించిన చెయ్యి, కొత్తదానిలో ఫ్రేము మొత్తాన్ని కెమెరాకు అప్పగించేస్తుంది. అది దగ్గరున్న వస్తువునో, మీకు అక్కర్లేని ముఖాన్నో పట్టుకుంటుంది. వస్తువు మొదట ఎక్కడుందో చిన్న గడితో మీరే చూపించి, అక్కడి నుంచి వెంబడించే పని కెమెరాకు వదలండి. మనుషుల గుర్తింపు మోడ్‌లో ఉంచి పక్షులను తీస్తున్నారేమో కూడా చూసుకోండి. ట్రాకింగ్ సున్నితత్వాన్ని మొదట్లో కదపకండి. ఒకేసారి మూడు సెట్టింగులు మార్చితే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలియదు.

కిటికీ బ్లైండ్లు, మెట్ల వంటి అడ్డగీతల మీద ఫోకస్ కుదరడం లేదు. కెమెరా లోపమా?

లోపం కాదు, నిర్మాణం. చాలా సెన్సర్లలో ఫేజ్ డిటెక్షన్ ఎడమ, కుడి బొమ్మలనే పోలుస్తుంది. అడ్డగీత పక్కకు జరిగినా జరగనట్టే కనిపిస్తుంది కాబట్టి కొలవడానికి ఏమీ దొరకదు. కెమెరాను కాస్త వాలుగా తిప్పి ఫోకస్ చేసి, మళ్లీ సరిచేసి తీయండి. రెండు దిశల్లోనూ కొలిచే సెన్సర్లు 2022లో వచ్చిన ఓఎం-1, 2024లో వచ్చిన కానన్ ఆర్1 వంటి కొద్ది కెమెరాలలోనే ఉన్నాయి.

ఊయల మీది పాపను ఇప్పటికీ సరిగ్గా తీయలేకపోతున్నాను. ఇంకా పై మోడల్ కొనాలా?

వద్దు. ఎదురుగా నిలబడి తీస్తే ఊయల కింద మధ్యలో అత్యంత వేగంగా ఉంటుంది, పై చివరలకు వెళ్లినప్పుడు లిప్తకాలం ఆగుతుంది. మధ్యలో తీయాలంటే ఏ ఆటోఫోకస్‌కైనా దిశ మార్చుకుంటూ ఉండే వస్తువు కష్టమే; ముందుకు వస్తుందని అంచనా కట్టేలోగా అది వెనక్కి మళ్లుతుంది. మీకు దగ్గరగా వచ్చి ఆగే చివరకు ముందే ఫోకస్ చేసి, లాక్ చేసి, పాప అక్కడికి చేరబోతుండగా చిన్న బరస్ట్ తీయండి. లేదా పక్కకు వెళ్లి నిలబడండి. అక్కడి నుంచి చూస్తే ఊయల ఎటు ఊగినా కెమెరాకు దాదాపు ఒకే దూరంలో ఉంటుంది, పదేళ్లనాటి బాడీ కూడా ఆ ఫోటో తీస్తుంది.